వెయిట్స్ మొదలుపెడుతున్నారా? హార్మోన్ల వెంట పడకుండా ఇలా చేయండి

జిమ్‌లో చేరిన మొదటి నెలలోనే మీకు మూడు సలహాలు కచ్చితంగా వస్తాయి. "లెగ్స్ కొట్టు భాయ్, టెస్టోస్టెరాన్ పెరుగుతది, దాంతోని చేతులు కూడా వస్తయ్" అని ఒకరు. "సెట్టుకీ సెట్టుకీ మధ్య నిమిషం దాటనియ్యకు, గ్రోత్ హార్మోన్ పోతది" అని ఇంకొకరు. "గంట దాటిందా, కార్టిసాల్ వచ్చి కండంతా తినేస్తది" అని మరొకరు. అమీర్‌పేటలో సందు లోపలి చిన్న జిమ్ అయినా, గచ్చిబౌలిలో అద్దాల బిల్డింగు పైనున్న జిమ్ అయినా ఇవే మాటలు. మూడింట్లోనూ కొంత నిజముంది. కానీ ఆ కొంత నిజాన్ని పట్టుకుని ప్లాన్ మొత్తం మార్చేసుకున్నవాళ్లు నెలలు గడిచినా అదే డంబెల్ దగ్గర ఉంటారు, ఆ తర్వాత "నాకు హార్మోన్ తక్కువుందేమో" అని టెన్షన్ పడి పౌడర్లకీ, అక్కణ్నుంచి ఇంజెక్షన్లకీ వెళ్తారు. అది ఆపాలనే ఇది రాస్తున్నాను.

బరువులెత్తిన గంటలో రక్తంలో హార్మోన్ ఎంత ఎగిరిందన్నది పట్టించుకోకండి. రోజూ, వారమంతా మీ హార్మోన్లు ఏ స్థాయిలో ఉంటున్నాయన్నదే ముఖ్యం, ఆ స్థాయిని నిలబెట్టేవి నిద్ర, తిండి, సెషన్ల మధ్య ఇచ్చే విరామం. ఎలాగో వరసగా చూద్దాం.

మొదట, ఆ గంటలో ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

బార్ పట్టుకోకముందే అడ్రినలిన్ పెరగడం మొదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం నుంచి చక్కెర రక్తంలోకి వస్తుంది. సెట్లు (ఒక వ్యాయామాన్ని ఆగకుండా వరసగా కొన్నిసార్లు చేయడం ఒక సెట్) సాగేకొద్దీ మగవాళ్లలో టెస్టోస్టెరాన్ కొంచెం పెరుగుతుంది, వ్యాయామం ఆపిన గంటలోపే ఇంచుమించు మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆడవాళ్లలో ఈ పెరుగుదల చాలా తక్కువ, ఒక్కోసారి అసలే ఉండదు. విశ్రాంతి తక్కువిచ్చి, ఎక్కువ రెప్స్ (ఒకే కదలికను ఎన్నిసార్లు చేస్తామన్నది) చేసి, కండ మండేదాకా కొడితే గ్రోత్ హార్మోన్ బాగా ఎగురుతుంది. దాంతోపాటే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా లేస్తుంది, ఎందుకంటే దాని పని ఆ సమయానికి కావలసిన ఇంధనాన్ని విడుదల చేయడం.

మరి ఈ ఎగురుడు వల్ల కండ పెరుగుతుందా? కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో స్టువర్ట్ ఫిలిప్స్ బృందం దీన్ని నేరుగా పరీక్షించింది, ఫలితాలు 2010లో వచ్చాయి. 12 మంది కుర్రాళ్లు, 15 వారాలు. ఒక రోజు ఒక చేతికి బైసెప్స్ మాత్రమే. ఇంకో రోజు రెండో చేతికి బైసెప్స్, ఆ వెంటనే కాళ్లకు భారీ వ్యాయామం, అంటే ఈ చెయ్యి కొట్టిన రోజున రక్తంలో టెస్టోస్టెరాన్, గ్రోత్ హార్మోన్ బాగా పెరిగేలా. చివరికి కొలిచి చూస్తే రెండు చేతులూ ఒకేలా పెరిగాయి, బలమూ ఒకేలా వచ్చింది. లెగ్స్ కొడితే లెగ్స్ వస్తాయి, చేతులు రావాలంటే చేతులే కొట్టాలి. లెగ్స్ మానేయమని కాదు సుమా, మానేయొద్దు, కానీ కారణం అది కాదు.

కండను పెంచే అసలు సంకేతం కండలోనే పుడుతుంది. బరువు వల్ల కండ పోగుల మీద పడే లాగుడు, దాన్ని గుర్తించి లోపల కొత్త ప్రొటీన్ తయారీ మొదలుపెట్టే వ్యవస్థ, ఇవి ఎక్కడ పని జరిగితే అక్కడే నడుస్తాయి. మామూలు స్థాయి హార్మోన్లు ఆ పనికి తోడుంటాయి. ఆ స్థాయి బాగా పడిపోతే మాత్రం పని కుంటుపడుతుంది.

ప్లాన్ ఇలా వేసుకోండి

వారానికి మూడు రోజులు చాలు, కుదరకపోతే రెండు. ప్రతిసారీ ఒళ్లంతా చేయండి: కూర్చుని లేచేది ఒకటి, నడుము దగ్గర వంగి బరువు లేపేది ఒకటి, నెట్టేది ఒకటి, లాగేది ఒకటి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, పుష్‌అప్ లేదా బెంచ్ ప్రెస్, రోయింగ్ అనుకోండి. ఒక్కొక్కటి రెండు మూడు సెట్లు, సెట్టుకి 8 నుంచి 12 రెప్స్, ఇంకో రెండు మాత్రమే చేయగలను అనిపించిన చోట ఆపేయండి. 12 తేలిగ్గా అవుతున్నాయంటే వచ్చేసారి ఉన్నవాటిలో చిన్న ప్లేట్ కలపండి. ఈ ఒక్క అలవాటు, అంటే రాసుకుని మెల్లగా బరువు పెంచడం, హార్మోన్ల కోసం చేసే ట్రిక్కులన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది, అందుకే ఫోన్‌లోనో చిన్న నోట్‌బుక్‌లోనో ఏ రోజు ఎంతెత్తారో రాయండి.

పెద్ద వ్యాయామాల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. నిమిషమే ఆగితే గ్రోత్ హార్మోన్ ఎక్కువ పెరుగుతుందన్న మాట నిజమే, కానీ 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో అప్పటికే వ్యాయామం అలవాటున్న 21 మంది కుర్రాళ్లను రెండు గుంపులు చేసి ఒక గుంపుకి నిమిషం, ఇంకో గుంపుకి మూడు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి 8 వారాలు చూస్తే, బలం ఎక్కువ పెరిగింది మూడు నిమిషాలు ఆగినవాళ్లకే, కండ విషయంలోనూ వాళ్లదే పైచేయి. తొందరపడితే తర్వాతి సెట్‌లో రెప్స్ తగ్గిపోతాయి, కండకి అందాల్సిన పని అందదు, అంతే సంగతి.

సాయంత్రం ఏడు గంటలకి కూకట్‌పల్లిలో మూడు నిమిషాలు ర్యాక్ పట్టుకుని నిలబడితే పక్కవాళ్లు ఊరుకోరు, అది నాకూ తెలుసు. పక్కనున్నాయనతో "అన్నా, ఇద్దరం మార్చి మార్చి చేద్దామా" అని అడగండి. ఆయన సెట్ చేసే లోపు మీకు విశ్రాంతి దొరుకుతుంది, బరువు తప్పితే పట్టుకోవడానికి మనిషీ ఉంటాడు.

జిమ్ కుదరనివాళ్లు కాలనీ పార్కులో ఓపెన్ జిమ్ ఉంటే అక్కడ మొదలుపెట్టొచ్చు. ఇంట్లో అయితే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకి పుష్‌అప్స్, వీపున పుస్తకాల బ్యాగ్‌తో మెట్లెక్కడం. నిండు 20 లీటర్ల వాటర్ క్యాన్ అంటే 20 కిలోలు, వీపు గుండ్రంగా వంగిపోకుండా మోకాళ్లు వంచి లేపడం నేర్చుకుంటే అది మంచి డెడ్‌లిఫ్టే.

షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి

హార్మోన్లన్నిట్లోకీ మనం ముందు పట్టించుకోవాల్సింది టెస్టోస్టెరాన్ కాదు, ఇన్సులిన్. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాదాపూర్‌లో కుర్చీలో, రానూ పోనూ రెండు గంటలు ట్రాఫిక్‌లో, రాత్రి పదిన్నరకి అన్నం, ఈ బతుకులో ఇన్సులిన్ ఎంత కష్టపడుతుందో ఆలోచించండి.

భోజనం తర్వాత రక్తంలోకొచ్చిన చక్కెరలో పెద్ద వాటా వెళ్లాల్సింది కండల్లోకి. కండ కణానికి చక్కెర లోపలికి తీసుకునే తలుపులు ఉంటాయి, వాటి పేరు గ్లూట్ 4. మామూలుగా ఇన్సులిన్ వచ్చి వాటిని తెరిపించాలి. ఇన్సులిన్ మాట కణం వినకపోవడమే ఇన్సులిన్ రెసిస్టెన్స్. అయితే కండ గట్టిగా బిగుసుకున్నప్పుడు ఇన్సులిన్‌తో సంబంధం లేకుండానే ఆ తలుపులు తెరుచుకుంటాయి. అంతేకాదు, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల దాకా అదే కండ ఇన్సులిన్ మాట ఇంకా బాగా వింటుంది. ఆ తర్వాత ప్రభావం తగ్గిపోతుంది. అందుకే ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు చేయడం కన్నా సోమ, బుధ, శుక్రవారాల్లో నలభై నిమిషాల చొప్పున చేయడం మేలు. వరసగా రెండు రోజులకి మించి ఖాళీ వదలకండి, వెయిట్స్ లేని రోజున భోజనమయ్యాక పావుగంట నడవండి.

ఇక జాగ్రత్తలు. ఇన్సులిన్ ఇంజెక్షన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే వ్యాయామం వల్ల షుగర్ మరీ పడిపోవచ్చు, కొన్ని గంటల తర్వాత కూడా. మొదలుపెట్టే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి, 90 కన్నా తక్కువుంటే ఏదైనా తిని మొదలుపెట్టండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి, మందు మోతాదు గురించి మీ డాక్టర్‌తో ముందే మాట్లాడండి. దీనికి ఎదురుగా ఇంకోటి జరుగుతుంది: బాగా భారీ బరువులెత్తిన వెంటనే చూసుకుంటే షుగర్ పెరిగి కనిపించొచ్చు, అది అడ్రినలిన్ పని, కాసేపటికి దిగుతుంది, కంగారుపడి వ్యాయామం మానేయకండి. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు మాత్రం కంటి డాక్టర్ సరే అనేదాకా ఊపిరి బిగబట్టి ఎత్తే భారీ బరువుల జోలికి వెళ్లొద్దు. ఎవరైనా సరే, పైకి లేపేటప్పుడు ఊపిరి వదలడం అలవాటు చేసుకోండి, బీపీ ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా.

నిద్రని ప్లాన్‌లో రాసుకోండి

2011లో షికాగో యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని ఒక వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చి చూస్తే పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. ఒక్క వారానికే. గ్రోత్ హార్మోన్ కూడా పెద్ద మొత్తంలో విడుదలయ్యేది రాత్రి మొదటి గాఢనిద్రలోనే. పన్నెండింటికి రీల్స్ చూస్తూ పడుకుని ఐదింటికి అలారం పెట్టుకుని కేబీఆర్ పార్కుకి పరిగెత్తేవాళ్ల పట్టుదల మెచ్చుకోదగ్గదే, కానీ ఒంటికి అది గిట్టుబాటు కాదు. ఏడు గంటలు పడుకోలేని రోజున సెషన్ మార్చుకోండి, నిద్ర కోయకండి.

నైట్ షిఫ్ట్ వాళ్లు తెల్లారి క్యాబ్ దిగి నేరుగా జిమ్‌కి వెళ్లకండి. ఇంటికి వెళ్లి, కిటికీలకి మందపాటి కర్టెన్లు వేసి, పూర్తిగా పడుకుని, సాయంత్రం షిఫ్ట్‌కి ముందు చేయండి. అప్పుడు బలం కూడా బాగుంటుంది. ఇరానీ చాయ్ సంగతి ఒకటి చెప్పాలి. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, రాత్రి ఎనిమిదింటికి తాగిన చాయ్‌లో సగం ఒంటిగంటకి కూడా ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం నాలుగు తర్వాత వద్దు.

తిండి

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, మామూలు పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫారసు చేస్తుంది. వెయిట్స్ చేసేవాళ్లకి కిలోకి 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనిపిస్తుంది, అంతకు మించితే కండకి అదనంగా ఒరిగేది పెద్దగా లేదు. 65 కిలోల మనిషికి 54 గ్రాములు కనీసం, 104 దాకా మేలు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పనీర్‌లో 18 దాకా, 100 గ్రాముల పచ్చి పెసలలోనో పల్లీలలోనో దాదాపు పాతిక. పొద్దున రెండు గుడ్లతో పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, రాత్రి చికెనో పనీరో అయితే పౌడర్ డబ్బా లేకుండానే చాలామందికి సరిపోతుంది. 2024లో ఎన్ఐఎన్ విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా కండ కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దనే అన్నాయి.

ఎక్కువమంది తప్పుతున్నది ప్రొటీన్ దగ్గర కాదు, కడుపు మాడ్చుకోవడం దగ్గర. పెళ్లి ముహూర్తం రెండు నెలల్లో ఉందని ఒక పూట తిని రెండు పూటలు వర్కవుట్ చేస్తే, శరీరం ఖర్చు తగ్గించుకోవడానికి టెస్టోస్టెరాన్‌నీ, థైరాయిడ్ హార్మోన్ టీ3నీ దించేస్తుంది, ఆడపిల్లలకి నెలసరి తప్పుతుంది లేదా ఆగిపోతుంది. నెలసరి ఆగడం కష్టపడుతున్నాననడానికి గుర్తు కాదు, తిండి చాలట్లేదనడానికి గుర్తు, ఎముక కూడా పలచబడుతుంది. నూనె, నెయ్యి పూర్తిగా మానేయడమూ టెస్టోస్టెరాన్‌ని కొంత తగ్గిస్తుంది, మితంగా ఉంచండి.

రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లు ఇఫ్తార్‌కి కాస్త ముందు తేలిక సెషన్, లేదా తిన్న రెండు గంటలకి మామూలు సెషన్ పెట్టుకోండి. మాంసం, గోధుమలు, పప్పులు కలిసిన హలీమ్‌లో ప్రొటీన్ బాగానే ఉంటుంది.

ఆడవాళ్లకి

"వెయిట్స్ చేస్తే మగరాయుడిలా అయిపోతావే" అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ మగవాళ్ల కన్నా సుమారు పదిహేను రెట్లు తక్కువ, కండ నెమ్మదిగా, మీకు తగ్గట్టుగానే వస్తుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, అన్నేళ్లు అంత బరువులెత్తిన మనిషిని చూసి కూడా మన ఇళ్లలో ఈ భయం పోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లలో చాలామందికి వెనక ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉంటుంది, పైన షుగర్ గురించి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. నెలసరి రోజుల్లో ప్రత్యేక ప్లాన్ అక్కర్లేదు, నొప్పిగా ఉంటే తగ్గించండి, బాగుంటే మామూలుగా చేయండి.

ఇంట్లో అమ్మకో అత్తమ్మకో నెలసరి ఆగిపోయి ఉంటే ఆవిడని కూడా తీసుకెళ్లండి. ఈస్ట్రోజెన్ తగ్గాక ఎముక వేగంగా పలచబడుతుంది. 2018లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనంలో ఎముక సాంద్రత తగ్గిన 101 మంది పెద్ద వయసు ఆడవాళ్లు పాల్గొన్నారు. వాళ్లలో ఒక గుంపు వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు, పక్కన నిపుణులుండగా డెడ్‌లిఫ్ట్, స్క్వాట్ లాంటివి భారీగానే చేస్తే వెన్నెముక సాంద్రత పెరిగింది. పక్కన నిపుణులుండగా అన్న మాట మర్చిపోకండి. కుర్చీలోంచి లేవడంతో మొదలుపెట్టి, నెలల మీద పెంచాలి.

కార్టిసాల్ గురించి

వ్యాయామంలో అది పెరగడం మామూలే. గంట దాటగానే కండ కరగడం మొదలవదు, 61వ నిమిషానికి ఏ ప్రత్యేకతా లేదు. చూసుకోవాల్సింది వారాల తరబడి ఒత్తిడి దిగకపోవడం: పడుకున్నా నిద్ర పట్టకపోవడం, పొద్దున లేవగానే నాడి మామూలు కన్నా వేగంగా ఉండడం, రెండు వారాలుగా ఎత్తే బరువు తగ్గుతూ రావడం, లైంగిక కోరికలు తగ్గడం. ఇవి కలిసి కనిపిస్తే ఒక వారం సెట్లు సగానికి తగ్గించండి, బాగా తినండి, పడుకోండి.

ఇంజెక్షన్ మాట ఎవరైనా ఎత్తితే

1996లో అమెరికాలో జరిగిన ప్రసిద్ధ ప్రయోగంలో వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ 10 వారాలు ఇస్తే, వ్యాయామం చేయనివాళ్లకి కూడా కండ పెరిగింది. కాబట్టి అది పని చేయదని నేను అబద్ధం చెప్పను. పని చేస్తుంది, ఎందుకంటే ఒంట్లో సహజంగా ఉండే స్థాయికి ఎన్నో రెట్లు, రాత్రీ పగలూ, వారాలపాటు ఉంటుంది. లెగ్ డే రోజు అరగంట ఎగిరేదానికీ దీనికీ పోలికే లేదు.

కానీ బయటి నుంచి హార్మోన్ రాగానే మెదడు వృషణాలకి పంపే సంకేతాలు ఆపేస్తుంది. అవి చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి, ఒక్కోసారి సున్నాకి వస్తాయి, ఆపేశాక కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏడాది పైన పడుతుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె గోడలు మందమవుతాయి, రొమ్ములు పెరగొచ్చు. ఎదిగే వయసు పిల్లలకైతే ఎముకల ఎదుగుదలే ముందుగా ఆగిపోవచ్చు. ఇక వర్కవుట్‌కి ముందు ఊపు కోసమని చేతిలో పెట్టే మెఫెంటర్మైన్ ఇంజెక్షన్ అయితే, ఆపరేషన్ టేబుల్ మీద పడిపోయిన బీపీని లేపడానికి డాక్టర్లు వాడే మందు. దాన్ని జిమ్‌లకి అమ్ముతున్నవాళ్లని మన హైదరాబాద్‌లోనే పోలీసులు పట్టుకున్నారు. దయచేసి వద్దు. మీ ట్రైనర్ ఎంత మంచివాడైనా, ఆ మాట ఎత్తిన రోజున ట్రైనర్‌ని మార్చండి.

నిజంగా తక్కువుందేమో అని అనుమానం ఉంటే

నెలల తరబడి నీరసం, కోరికలు లేకపోవడం, పొద్దున అంగస్తంభన లేకపోవడం ఉంటే పరీక్ష చేయించుకోవడంలో తప్పు లేదు. నిమ్స్‌లో, ఉస్మానియా ఆస్పత్రిలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. రక్తం పొద్దున పది లోపు, పరగడుపున ఇవ్వండి. నిద్ర లేని రాత్రి తర్వాత, జ్వరంలో, ముందు రోజు విపరీతంగా కొట్టినప్పుడు ఇవ్వకండి. ఊబకాయం లేని 19 నుంచి 39 ఏళ్ల మగవాళ్లలో మొత్తం టెస్టోస్టెరాన్ డెసిలీటరుకి 264 నుంచి 916 నానోగ్రాముల మధ్య ఉండడం మామూలుగా లెక్కిస్తారు, అంటే 400 వస్తే అది తక్కువ కాదు. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేయించాకే నమ్మాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నట్టయితే అవి కొన్ని హార్మోన్ పరీక్షల ఫలితాన్ని తప్పుగా చూపిస్తాయి, రక్తం ఇచ్చే ముందే ఆ విషయం డాక్టర్‌కి చెప్పండి, వాడుతున్న పౌడర్లూ మాత్రల డబ్బాలూ అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.